కెన్యా నిర్బంధ శిబిరాల ఫైళ్లను బ్రిటన్ ఎలా దాచింది? అవి ఎలా బయటికొచ్చాయి?

తమ పాలనపై లేచిన మౌ మౌ తిరుగుబాటును అణచడానికి 1952లో బ్రిటిష్ పాలకులు కెన్యాలో ఎమర్జెన్సీ పెట్టి, కికుయూ తెగకు చెందిన వేలాది మందిని విచారణ లేకుండా శిబిరాల్లో నిర్బంధించారు. స్వాతంత్ర్యం దగ్గరపడ్డాక, 1961లో లండన్ నుంచి ఆదేశం వెళ్లింది: బ్రిటిష్ ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే కాగితాలు కొత్త ప్రభుత్వం చేతికి వెళ్లకూడదు. కొన్ని తగలబెట్టారు. కాలిస్తే బూడిదను కూడా చిదిమేయాలనే సూచన ఉంది, అంత జాగ్రత్త! మిగిలినవి ఇంగ్లండ్ చేరాయి.

2009లో వృద్ధులైన కొందరు కెన్యన్లు శిబిరాల్లో తమను హింసించారంటూ బ్రిటిష్ ప్రభుత్వంపై లండన్ హైకోర్టులో కేసు వేశారు. చరిత్రకారులు ఆధారాల కోసం పట్టుబట్టడంతో, 37 మాజీ వలస రాజ్యాలకు చెందిన సుమారు 8,800 ఫైళ్లు ఇంగ్లండ్‌లోని తన భద్రతా కేంద్రం హాన్‌స్లోప్ పార్క్‌లో ఉన్నాయని బ్రిటిష్ విదేశాంగ శాఖ 2011లో ఒప్పుకుంది.

నా దృష్టిలో అన్నిటికంటే బరువైన కాగితం 1957 జూన్ నాటి లేఖ. కెన్యా అటార్నీ జనరల్ గ్రిఫిత్-జోన్స్ నిర్బంధితులను కొట్టడం గురించి గవర్నర్ బేరింగ్‌కు రాశాడు: పాపం చేయాల్సే వస్తే గుట్టుగా చేయాలని. అంటే పైవాళ్లకు అంతా తెలుసు. 1959లో హోలా శిబిరంలో కాపలాదారులు 11 మందిని కొట్టి చంపితే, నీళ్లు తాగాక చనిపోయారని మొదట ప్రకటించారు కూడా.

2013లో బ్రిటన్ విచారం వ్యక్తం చేసి, 5,228 మంది బాధితులతో మొత్తం 1.99 కోట్ల పౌండ్లకు సెటిల్ చేసుకుంది. చట్టపరమైన బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు.