పదహారు గడుల లెక్క: ఒక యువ రచయితకు లేఖ

తమ్మీ,

నీ వ్యాసం అందిన రోజే చదివాను. సోనీ చేతి గేమ్ మెషిన్ పీఎస్‌పీలో హార్డ్‌వేర్ డిథరింగ్‌ను (ఉన్న కొద్ది రంగుల చుక్కలనే కలిపి మధ్య ఛాయలు కనిపించేలా చేసే పద్ధతిని) ఎలా పనిచేయించావో తెలుగులో ఇంత ఓపికగా రాయాలనుకోవడమే నాకు ఎంతో నచ్చింది. అందుకే మొహమాటపడకుండా చెప్తున్నా. నీకు విషయం బాగా తెలుసు. కానీ చదివేవాడికి అది అందాల్సిన చోటే నువ్వు గబగబా దాటేశావు.

ఎక్కడంటే, "మొదట పనిచేయలేదు, తర్వాత సరిచేశాను" అన్న వాక్యం దగ్గర. అసలు కథంతా అక్కడే ఉంది కదా! ఖిలా వరంగల్ కీర్తి తోరణం వెనక సాయంత్రపు ఆకాశం గీద్దామనుకున్నావు. నీలం మెల్లగా మారుతూ రావాల్సింది, చారలు చారలుగా వచ్చింది. ఆ చారలను ముందు పాఠకుడికి చూపించు. లెక్క చిన్నదే. తెర ఎత్తు 272 గీతలు. పైనుంచి కిందికి నీలం విలువ 100 నుంచి 180కి పెరుగుతుందనుకో. 16 బిట్ల 5-6-5 ఫార్మాట్‌లో (ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5 బిట్లు) నీలానికి 5 బిట్లే కాబట్టి 256 స్థాయిలు 32కి పడిపోతాయి, ఒక్కో మెట్టు 8 అవుతుంది. 80 తేడాకు 10 మెట్లు. అంటే ఒక్కో చార దాదాపు 27 గీతల మందం. ఇది చదివినవాడికి ఆ తెర కళ్లముందు నిలబడుతుంది. "కలర్ బ్యాండింగ్ సమస్య ఎదురైంది" అని రాస్తే ఏమీ కనిపించదు.

"మరి 32 బిట్లే వాడొచ్చు కదా" అని పాఠకుడు అడుగుతాడు. అడగకముందే చెప్పేయ్. వీడియో మెమరీ 2 ఎంబీ. తెర వెడల్పు 480 అయినా బఫర్‌లో (తెర మీది బొమ్మను దాచే మెమరీ జాగాలో) ఒక్కో వరుసకు మామూలుగా 512 పిక్సెళ్ల జాగా ఇస్తాం. 32 బిట్లలో ఒక్క బఫర్‌కు 5,57,056 బైట్లు, 16 బిట్లలో అందులో సగం. రెండు బఫర్లు (చూపించేదొకటి, గీసేదొకటి), పైన ఏది ముందుందో ఏది వెనకుందో గుర్తుంచుకునే డెప్త్ బఫర్ పెట్టాక టెక్స్చర్లకు (ఆకారాల మీద అతికించే బొమ్మలకు) ఎంత మిగులుతుందో వాడే లెక్కేసుకుంటాడు. ఈ భాగానికి ఒక పేరా చాలు.

ఎక్కువ సేపు ఆగాల్సింది పట్టిక దగ్గర. నువ్వు "4×4 మ్యాట్రిక్స్ ఇచ్చాను" అని ఊరుకున్నావు. ఆ పదహారు అంకెలూ రాయి:

0 4 1 5
6 2 7 3
1 5 0 4
7 3 6 2

ఇప్పుడు ఒక్క రంగును పట్టుకో. ఎరుపు 101 అనుకుందాం. మెట్టు 8 కాబట్టి అది 96గానో 104గానో మాత్రమే నిలవగలదు. డిథరింగ్ లేకపోతే కింది బిట్లు తెగిపోయి ప్రతి పిక్సెలూ 96 అవుతుంది. పట్టిక పెడితే ఒక్కో పిక్సెల్‌కు దాని గడిలోని అంకె కలుస్తుంది, అప్పుడు మొదటి వరుసలో 101, 105, 102, 106 వస్తాయి. బిట్లు తెగాక 96, 104, 96, 104. మిగతా మూడు వరుసలు పాఠకుడినే వేసుకోమను. పదహారింట్లో పది పిక్సెళ్లు 104, ఆరు 96 అవుతాయి. సగటు తీస్తే సరిగ్గా 101! తెరలో లేని రంగును కన్ను తయారుచేసుకుంటుంది. ఆ క్షణంలో పాఠకుడికి కలిగే ఆనందం కోసమే నువ్వు ఈ వ్యాసం రాయాలి.

పోలికలు నాలుగు వాడావు, ఒక్కటి ఉంచు. నా మాటైతే మన వరంగల్ కొత్తవాడ జంపఖానా ఉంచు: ఎర్ర పోగు పక్కన తెల్ల పోగు పడితే దూరం నుంచి గులాబీ రంగు కనిపిస్తుంది. మనవాళ్లకు అది వెంటనే తగులుతుంది.

ఇలాంటి వరుస పట్టికల పద్ధతిని కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1973లో ప్రచురించాడు. డిజిటల్ కెమెరాల్లోని రంగుల ఫిల్టర్‌కు ఉన్నదీ ఆయన పేరే. ఈ సంగతి ఒక్క వాక్యంలో వేస్తే బాగుంటుంది.

ఇక నీ రాత్రి నిద్ర పోగొట్టిన సంగతి. పట్టిక ఇచ్చావు, డిథరింగ్‌ను ఆన్ కూడా చేశావు, అయినా చారలు పోలేదు. కారణం నీ ఫైల్‌లోనే ఉంది: ఆకాశం బొమ్మను ముందే 16 బిట్ల టెక్స్చర్‌గా మార్చి పెట్టావు. మధ్య ఛాయలు అక్కడే పోయాయి. పోయినవాటిని డిథరింగ్ ఎక్కడినుంచి తెస్తుంది? ఆకారం మూలలకు (శీర్షాలకు) 32 బిట్ల రంగులిచ్చి గ్రాఫిక్స్ చిప్‌తోనే ఆకాశాన్ని గీయించాక చారలు కరిగిపోయాయి. దీన్ని జరిగిన క్రమంలోనే రాయి: ఏమనుకున్నావు, ఏది మార్చి చూశావు, ఎందుకు కాలేదు. సీపీయూతో నేరుగా బఫర్‌లోకి రాసే పిక్సెళ్లకు కూడా డిథరింగ్ తగలదని అక్కడే చెప్పు. రేపు ఇంకో పిల్లవాడు అదే గోడకు తల కొట్టుకోకుండా ఉంటాడు.

లోపం ఉన్నచోట లోపమనే రాయి. ఆకుపచ్చకు 6 బిట్లు, మెట్టు 4. దానికి పట్టికలో 0 నుంచి 3 వరకు అంకెలు చాలు. కానీ పట్టిక ఒక్కటే, మూడు రంగులకూ అదే. ఎరుపు, నీలాలకు సరిపోయేది ఆకుపచ్చకు కాస్త ఎక్కువవుతుంది. నువ్వు ఏది ఎంచుకున్నావో, ఎందుకో చెప్పు. "అద్భుతంగా వచ్చింది" అన్న మాట తీసేయ్.

ఫొటోల విషయం కూడా చూసుకో. నువ్వు పంపిన బొమ్మలు జేపెగ్‌లో ఉన్నాయి, పైగా సైజు తగ్గించావు. దాంతో చుక్కల అల్లిక మొత్తం చెరిగిపోయి, ముందూ తర్వాతా ఒకేలా ఉన్నాయి. పీఎన్‌జీలో తీసి, ఆకాశంలో చిన్న ముక్కను కత్తిరించి, సరిగ్గా ఎనిమిది రెట్లు పెద్దది చేసి పెట్టు. పెద్దది చేసేటప్పుడు నునుపు చేసే ఆప్షన్ ఆపేయ్. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో పీఎస్‌పీలా నడిచే ప్రోగ్రాంలో) తీసినవి వద్దు. అది 32 బిట్లలో గీస్తే అసలు చారలే కనిపించకపోవచ్చు. నీ చేతిలోని మెషిన్ మీద వచ్చిందే పెట్టు.

మార్చిన వ్యాసం పంపు. పట్టిక భాగం ముందు చదువుతాను.

నీ అన్న,
హనుమకొండ