సర్పంచ్ ఎన్నికలో బయటివాడి డబ్బు: లెక్కల కోసం ఆగితే గడువు పోతుంది

ప్రశ్న: మాది తెలంగాణలో ఓ పల్లె, జనాభా 3,200. సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వయింది. మా ఆవిడ నిలబడి 19 ఓట్లతో ఓడిపోయింది. పార్టీల్లేని ఎన్నిక అన్నారు, ఎదుటివాళ్ళు మాత్రం పార్టీ కండువాలతోనే తిరిగారు. మా ఊళ్ళో వెంచర్ వేయబోతున్న ఒకాయన, ఇక్కడ ఓటు కూడా లేనివాడు, ఓటుకు రెండు వేలు పంచాడు. మేం పడ్డ అవమానం చెప్పలేం. ఫలితం వచ్చి 17 రోజులైంది. గెలిచినావిడ ఖర్చుల లెక్క ఇవ్వడానికి 45 రోజులు గడువుందట. అది చూసి, సంక్రాంతి దాటాక హైకోర్టుకు వెళ్దామనుకుంటున్నాం. డబ్బు తీసుకున్నవాళ్ళు నలభై మంది చేత ఖాళీ స్టాంపు పేపర్ల మీద సంతకాలు పెట్టించాం. ఎన్నిక రద్దవుతుందా?

జవాబు: మీ ఉత్తరం ఎనిమిది పేజీలు. కోర్టుకు పనికొచ్చేది ఆరో పేజీలో ఒక్క వాక్యం: “మా వాడకట్టులో కవర్లు పంచేటప్పుడు గెలిచినావిడ ఆటో ముందు సీట్లోనే ఉంది, వాళ్ళ తమ్ముడు ఓటర్ల లిస్టులో టిక్కులు కొట్టాడు.” దాన్ని రాసి వెంటనే మళ్ళీ అవమానం దగ్గరికి వెళ్ళిపోయారు. మీ కేసంతా ఆ ఆటోలో ఉంది.

ఎందుకంటే, బయటివాడు డబ్బు పంచాడని రుజువు చేస్తే సరిపోదు. అది గెలిచినావిడ సమ్మతితో జరిగిందని చూపాలి. ‘నాకు తెలియదు, ఆయన అభిమానంతో చేసుకున్నాడు’ అని ఆవిడ అన్న క్షణం మీ భారం రెట్టింపవుతుంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆమె ప్రచారానికి ఖర్చు పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 176 కింద నేరమే. కానీ దానికి శిక్ష పదివేల రూపాయల దాకా జరిమానా, అదీ ఖర్చు పెట్టినవాడికి. వెంచర్ వేసేవాడికి అదెంత! అనుమతి ఉంటే ఆ ఫ్లెక్సీలు, ఆటోలు, విందులు ఆమె ఖాతాలోనే పడతాయి. 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్ళో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటకూడదు. కవర్ల డబ్బు అసలు ఖర్చు కాదు, లంచం.

కండువాల సంగతి క్లుప్తంగా. బ్యాలెట్ మీద ఉంగరం, కత్తెర లాంటి గుర్తులే ఉంటాయి, పార్టీ గుర్తు ఉండదు. ఆ రోజే ఫొటో తీసి ఎన్నికల అధికారికి ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోవాల్సింది. తీసుకోలేదు. కండువా ఒక్కదానితో ఎన్నిక కొట్టేయించలేరు.

ఇక మీ ప్లాను. రాజ్యాంగంలోని 243-ఓ అధికరణం ప్రకారం పంచాయతీ ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారా మాత్రమే సవాలు చేయాలి. హైకోర్టులో రిట్ వేస్తే ‘ట్రిబ్యునల్‌కు వెళ్ళండి’ అంటారు. ఆ ట్రిబ్యునల్ మీ ప్రాంతపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పిటిషన్‌కు గడువు ఫలితం ప్రకటించిన నాటి నుంచి 30 రోజులు. గెలిచినావిడ లెక్కకు 45. ఆ లెక్క చూసి బయల్దేరితే మీ తలుపు అప్పటికి పదిహేను రోజుల క్రితమే మూసుకుపోయి ఉంటుంది! ఆలస్యాన్ని మన్నించండి అని లిమిటేషన్ చట్టం (కేసుల గడువుల చట్టం) సెక్షన్ 5ను పట్టుకొస్తారేమో. ఎన్నికల పిటిషన్‌కు అది వర్తించదని ఒక లోక్‌సభ ఎన్నిక కేసులో, హుకుందేవ్ నారాయణ్ యాదవ్ తీర్పులో, 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ దగ్గర మిగిలింది 13 రోజులు. లెక్కల ఫైలును తర్వాత ట్రిబ్యునల్ ద్వారా తెప్పించుకోవచ్చు.

ఆ ఖాళీ స్టాంపు పేపర్లు బయట పెట్టకండి. ఖాళీ కాగితం మీద సంతకం తీసుకుని తర్వాత మీకు కావాల్సింది నింపడమంటే దొంగ సాక్ష్యం తయారుచేయడమే. పైగా ఓటుకు డబ్బు తీసుకోవడం కూడా న్యాయ సంహిత సెక్షన్ 170 కింద నేరం. ఆ నలభై మందీ బోనులో మొదటి ప్రశ్నకే ఎదురు తిరుగుతారు. మీకు కావాల్సింది కవరు తిప్పి పంపినవాళ్ళు. ఇద్దరు దొరికినా నలభై మంది కంటే నయం.

వీడియో ఉందన్నారు, కానీ అది తీసిన ఫోన్‌ను మీ మేనల్లుడు ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాడట. ఎలక్షన్ కేసు పెడదామనుకుంటూ ఆ పని ఎవరైనా చేస్తారా? వాట్సాప్‌లో చేతులు మారిన కాపీ బలం వేరు, తీసిన ఫోన్ బలం వేరు. ఇవాళే ఆ షాపుకు వెళ్ళి ఫోన్ వెనక్కి తెచ్చే ప్రయత్నం చేయండి. దొరక్కపోతే, అతను మొదట ఎవరికి పంపాడో ఆ ఫోన్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టించండి. వీడియో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీవైపు వాళ్ళు, మరో భాగం నిపుణుడు సంతకం చేయాలి.

పిటిషన్‌లో ‘డబ్బు పంచారు’ అని రాస్తే చెల్లదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరింటి ముందు, ఎవరి చేత్తో ఎవరికి, ఆవిడ ఎక్కడ కూర్చుంది, ఇవన్నీ రాయాలి. పోటీ చేసినవాళ్ళందర్నీ ప్రతివాదులుగా చేర్చండి. పిటిషనర్ మీ ఆవిడ. ఆమె పూర్తిగా చదివి సంతకం పెట్టాలి, ఆమె బదులు మీరు కాదు. ఉత్తరంలో చాలాచోట్ల ‘నేను ఓడిపోయాను’ అని రాశారు కనుక చెబుతున్నాను.

ఇంతకీ మీ ఆవిడ ఖర్చుల లెక్క ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఓడినవాళ్ళకూ అదే 45 రోజులు, ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి అనర్హత. రేపు లాయర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ బిల్లులు కూడా సంచిలో వేసుకోండి.