టెక్ సందేహాలు: దుబాయ్ విమానం రెండున్నర గంటలా, నాలుగు గంటలా?

ప్రశ్న: మా ఆయనకి దుబాయ్ టికెట్ తీశాం. హైదరాబాద్‌లో ఉదయం 10:00కి ఎక్కితే 12:30కి దిగుతారని ఉంది, పక్కనే 4 గంటల ప్రయాణం అనీ ఉంది. ఏది నమ్మాలి? దూరం ఫోన్‌లో చూసుకోవచ్చా? (సోంపేట పాఠకురాలు)

జవాబు: రెండూ సరైనవేనండి, ప్రయాణం మాత్రం 4 గంటలే. టికెట్ మీద ఎక్కే టైం ఎక్కే ఊరి గడియారం ప్రకారం, దిగే టైం దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ 12:30 అంటే సోంపేటలో మధ్యాహ్నం 2:00. రెండు టైములూ ఒకే గడియారంలోకి మార్చుకున్నాకే తీసివేత చెయ్యండి.

దూరానికి గూగుల్ మ్యాప్స్‌లో డైరెక్షన్స్ నొక్కకండి, రోడ్డు దారి వెతుకుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన ఖాళీ చోట వేలు నొక్కి పట్టుకుంటే ఎర్ర పిన్ను పడుతుంది. కింద వచ్చిన వివరాలను పైకి జరిపి 'మెజర్ డిస్టెన్స్' నొక్కండి. తర్వాత మ్యాప్‌ను జరుపుతూ మధ్యలో ఉన్న గుండ్రని గుర్తును దుబాయ్ ఎయిర్‌పోర్టు మీదకి తెస్తే అడుగున కిలోమీటర్లు కనిపిస్తాయి. సుమారు 2,550 వస్తుంది. పిన్ను ఎయిర్‌పోర్టు పేరు మీదే పడితే ఒక్కోసారి ఈ ఆప్షన్ కనిపించదు, అందుకే ఖాళీ చోటు అన్నాను.

ఆ దూరాన్ని 800తో భాగించి, వచ్చిన దానికి 40 నిమిషాలు కలపండి. 3 గంటల 50 నిమిషాల దాకా వస్తుంది. విమానం పైన గంటకి 850 కి.మీ. దాటి పోయినా, రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, దిగడం, దారి కాస్త వంపు తిరగడం అన్నీ టికెట్ టైంలో కలిసే ఉంటాయి. తిరుగు ప్రయాణం అరగంట దాకా తగ్గొచ్చు. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది, అది ఇటు వచ్చే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది.

అసలు జాగ్రత్త ఫోన్ క్యాలెండర్ దగ్గర. సెలవుకి వచ్చి తిరిగి వెళ్లే విమానం ఉదయం 10:00 అని మీ ఆయన దుబాయ్‌లో ఉండగా ఎక్కించుకుంటే, ఫోన్ దాన్ని దుబాయ్ టైంగా తీసుకుంటుంది. ఇక్కడికి వచ్చాక అదే 11:30గా చూపిస్తుంది, అప్పటికి విమానం వెళ్లిపోతుంది. ఎక్కించేటప్పుడే టైం జోన్‌లో ఇండియా ఎంచుకోమనండి. రాత్రి 12 దాటాక ఉన్న విమానాలతోనూ జాగ్రత్త: 15వ తేదీ 00:40 అంటే 14వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. గల్ఫ్ విమానాలు ఆ వేళకే ఎక్కువ, తేదీ తప్పి టికెట్ డబ్బు పోతే ఆ ఇంటికి చాలా కష్టం.

ప్రశ్న: విశాఖ నుంచి హైదరాబాద్‌కి గాల్లో ఎంత దూరం? (విజయనగరం పాఠకుడు)

జవాబు: సుమారు 510 కి.మీ., రోడ్డు మీద 600 పైనే. పై లెక్కే వేస్తే గంటా ఇరవై నిమిషాలు. అయితే మీరు విజయనగరం నుంచి విశాఖ చేరడానికి గంటన్నర పెట్టుకోండి. బ్యాగులు తీసుకునే కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు కాబట్టి, ఇంకో గంట చేతిలో ఉంచుకుని 10:00 విమానానికి ఇంటి నుంచి 6:30కే కదలాలి.