22 సమస్యల్లో ఏది ముందు?

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం నువ్వు లాప్‌టాప్ తెరిచి చూపించిన మీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సమస్యల షీటు ఇంకా నా కళ్లముందే ఉంది. 22 వరసలు, వరసకో సమస్య. పక్కన ప్రాధాన్యం అన్న గడిలో 19 చోట్ల 'హై' అని ఎర్ర రంగు. "అన్నీ ముఖ్యమే మావయ్యా, ఏది ముందు పట్టుకోవాలో తెలీట్లేదు" అన్నావు. బస్సు టైమైపోతోందని గబగబా నాలుగు ముక్కలు చెప్పి, కాంప్లెక్స్‌లో నిన్ను విజయనగరం బస్సెక్కించి వచ్చేశాను గానీ, ఇంటికొచ్చాక ఆ నాలుగు ముక్కలూ చాలవనిపించింది. టీమ్ లీడ్‌గా నీకిది మొదటి ప్రాజెక్టు. ఫోన్లో చెబితే ఒక చెవిన విని వదిలేసే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ ఎర్ర రంగు తప్పు నీ టీముది కాదు. నువ్వడిగిన ప్రశ్నది. "ఇది ముఖ్యమా?" అంటే కాదనేవాళ్లుండరు. రిక్వైర్‌మెంట్లు, అంటే క్లయింటు ఏం కావాలన్నాడో అవి, మారిపోవడం ముఖ్యమా అంటే ముఖ్యమే, టెస్టింగ్‌కి టైము చాలకపోవడం ముఖ్యమా అంటే అదీ ముఖ్యమే. అదే "ఈ రెండిట్లో ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోంది?" అని అడిగి చూడు, మనిషి ఆగి ఆలోచిస్తాడు.

మీ తాతయ్య పొందూరు ఖద్దరు పంచె కొనేటప్పుడు చేసేది నీకు తెలీదు, నువ్వు పుట్టకముందు సంగతి. ఒక్క పంచె చేతికిచ్చి ఎంత సన్నం అంటే ఆయన చెప్పలేరు. రెండు పంచెలు తెప్పించుకునేవారు. రెండు అంచులూ కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్లు మూసుకుని నెమ్మదిగా నలిపేవారు. "ఇదిరా సన్నం" అని ఒకటి పక్కన పెట్టి, రెండోదాని బదులు ఇంకోటి అందుకునేవారు. పది పంచెలుంటే పదిట్లోకీ మేలైనది అలా బయటికొచ్చేది. నీకు నేను చెప్పబోయే పద్ధతి కూడా ఇంతే, చివర్న అంకెలు చేరతాయి.

దీన్ని ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) అంటారు. 1970ల్లో థామస్ సాటీ అనే గణితవేత్త తయారుచేశాడు. అంతకుముందు ఆయన అమెరికా ప్రభుత్వంలో ఆయుధాల నియంత్రణ చూసే సంస్థలో పనిచేశాడు. అక్కడ గొప్ప శాస్త్రవేత్తలున్నారు, గొప్ప లాయర్లున్నారు. కానీ ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర ఒకళ్ల మాట ఒకళ్లకి ఎక్కలేదు. అది చూసి చూసి, మామూలు మనుషులు కూడా వాడుకోగల దారి కావాలని ఆయన అనుకున్నాడు. అందుకే ఈ పద్ధతి మీద నాకు గురి. లెక్క కోసం పుట్టింది కాదిది, తెలివైనవాళ్లు ఒకే గదిలో కూర్చుని కూడా తేల్చుకోలేకపోయిన చోట పుట్టింది.

షీటు ముట్టుకునే ముందు నా పాత ప్రాజెక్టు ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఒక ఆసుపత్రికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశాం. లీడ్ నేనే. పని రెండు నెలలు వెనకబడింది. అందర్నీ మీటింగుకి పిలిచి, సమస్యలన్నీ బోర్డు మీద రాయించి, ఏది పెద్దదో చెప్పమన్నాను. నాకంటే సీనియరు ఒకాయన "మనుషులు చాలట్లేదు" అని గట్టిగా అన్నాడు. తర్వాత మాట్లాడిన ప్రతివాళ్లూ అదే పాట. పైవాళ్లని బతిమాలి నలుగురిని తెచ్చుకున్నాను. ఆరుగురం పదిమందిమయ్యాం, పని ఇంకా వెనకబడింది. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1975లోనే రాశాడు. ఆరుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 15, పదిమందైతే 45. కొత్తవాళ్లకి నేర్పేది ఎవరు? పని తెలిసిన పాతవాళ్లే. వాళ్ల చేతిలో పని ఆగిపోయింది.

ఆ మీటింగులో చివరి కుర్చీలో టెస్టింగ్ చూసే అమ్మాయి ఒకతె కూర్చుంది. నోరు విప్పలేదు. నెల తర్వాత ఏదో బగ్గు గురించి ఆమె బల్ల దగ్గరికి వెళ్తే నోట్‌బుక్ తీసి చూపించింది. మళ్లీ మళ్లీ తెరుచుకున్న బగ్గులన్నీ తేదీలతో సహా రాసి పెట్టుకుంది. సగానికి పైగా ఒక్క చోటివే: రోగి పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగు వాడి, మిగతా ఆరూ వాపసిస్తే బిల్లు ఎలా తిరగరాయాలి? మందుల కౌంటర్లో కూర్చునే మనిషిని మాలో ఎవరమూ అడగలేదు. మాకు మేమే ఊహించుకుని మూడుసార్లు రాశాం, మూడుసార్లూ తప్పే. "మీటింగులో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "అందరూ ఒకటే చెబుతుంటే నాదే తప్పేమో అనుకున్నాను సార్" అంది. ఆ మాట నన్నిప్పటికీ గుచ్చుతుంది. ఆమెకి తెలుసు. నేను అడిగిన తీరులోనే ఆమెకి చెప్పే వీల్లేకుండా పోయింది.

కాబట్టి నీ టీములో ఆరుగురినీ విడివిడిగా అడుగు. ఒకళ్ల కాగితం ఇంకొకళ్లకి కనబడకూడదు. నీ కాగితం కూడా ముందే నింపి మడిచి పెట్టేయ్, వాళ్లవి చూశాక దిద్దుకోకు.

ఇప్పుడు షీటు సంగతి. 22 సమస్యల్ని రెండేసి చొప్పున పోల్చాలంటే 231 జతలు. 40 దాటాక ఎవరైనా చేతికొచ్చిన అంకె వేసేస్తారు. అందుకని గుంపులు కట్టు. రిక్వైర్‌మెంట్లకి సంబంధించినవి, మనుషులకి సంబంధించినవి, సాంకేతికమైనవి, క్లయింటు వైపువి అని నాలుగు గుంపులు. ఆరు, ఆరు, ఐదు, ఐదు చొప్పున సర్దితే గుంపుల లోపల 50 జతలు, గుంపుల మధ్య 6, మొత్తం 56. టీ తాగుతూ ముప్పావుగంటలో అయిపోతుంది. పోలికల్లోంచి ఒక్కోదానికి తూకం, అంటే అదెంత ముఖ్యమో చెప్పే అంకె, వస్తుంది. గుంపు తూకాన్ని లోపలి సమస్య తూకంతో గుణిస్తే 22కీ ఒకే వరసలో స్థానం దొరుకుతుంది.

గుంపులు కట్టేటప్పుడు ఒకటి చూసుకో. నీ షీటులో "క్లయింటు బేగి జవాబివ్వట్లేదు" అని ఏడో వరసలో ఉంది. 18లో "క్లయింటు అందుబాటులో ఉండడం" అని విజయ కారణాల్లో, అంటే ప్రాజెక్టు నెగ్గడానికి కావాల్సినవాటిలో, మళ్లీ ఉంది. అదీ ఇదీ ఒకటే కదమ్మా. రెండుసార్లు రాస్తే రెండుసార్లు తూగుతుంది. సమస్యలు వేరే కాగితం, విజయ కారణాలు వేరే కాగితం పెట్టుకో. విజయ కారణాలన్న మాటని 1979లో జాన్ రాకార్ట్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ బాగా ప్రచారంలోకి తెచ్చినప్పుడు ఆయన చెప్పింది, కచ్చితంగా సరిగ్గా జరిగి తీరాల్సిన కొద్దిపాటి విషయాల గురించి. కొద్దిపాటి అన్న మాట మర్చిపోకు. ఐదారు దాటితే మళ్లీ ఎర్ర రంగు షీటే తయారవుతుంది.

పోల్చడానికి 1 నుంచి 9 వరకు కొలత. రెండూ సమానమైతే 1, ఒకటి కాస్త ఎక్కువైతే 3, బాగా ఎక్కువైతే 5, చాలా ఎక్కువైతే 7, అసలు పోలికే లేదంటే 9. మధ్యవి మధ్యలో. తిప్పి చదివితే తలకిందులు: మొదటిది రెండోదానికంటే 3 అయితే, రెండోది మొదటిదానికంటే మూడో వంతు.

మూడిటితో చేసి చూపిస్తాను, కాగితం మీద నువ్వూ వెయ్యి. రిక్వైర్‌మెంట్లు మారిపోవడం, టెస్టింగ్‌కి టైము చాలకపోవడం, మనుషులు మధ్యలో మానేయడం. మొదటిది రెండోదానికంటే 3, మూడోదానికంటే 5. రెండోది మూడోదానికంటే 2. మూడు అడ్డు వరసలు, మూడు నిలువు వరసలు గీసి నింపు, దేన్ని దానితోనే పోల్చే గడిలో 1 వెయ్యి. నిలువు వరసలు కూడితే 1.53, 4.5, 8 వస్తాయి. ప్రతి గడినీ దాని నిలువు వరస మొత్తంతో భాగించి, అడ్డు వరస సగటు తియ్యి. 0.65, 0.23, 0.12. మొదటి సమస్య ఒక్కటే మిగతా రెండిట్నీ కలిపినదానికి దాదాపు రెట్టింపు తూగుతోంది. ఎర్ర రంగులో ఈ సంగతి నీకు కనిపించదు.

మనిషి పొంతన లేకుండా చెబితే పట్టుకునే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. మొదటిది రెండోదానికంటే 3, రెండోది మూడోదానికంటే 2 అన్నప్పుడు, మొదటిది మూడోదానికంటే 6 కావాలి. మనం 5 అన్నాం, దగ్గరే. పొంతన నిష్పత్తి కడితే 0.003 వస్తుంది. 0.10 లోపుంటే సరే అనుకోవచ్చు. అదే 5 బదులు సగం అని రాసి ఉంటే నిష్పత్తి 0.6 దాటిపోతుంది. అలాంటి కాగితం వస్తే పారేయకు, "నువ్వు తప్పు రాశావు" అని కూడా అనకు. ఆ మూడు జవాబులూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదవమను. ఒక్కోసారి అలసటే కారణం. ఒక్కోసారి మాత్రం ఒకే మాటని రెండు ప్రశ్నల్లో రెండు రకాలుగా అర్థం చేసుకుని ఉంటారు. "డెడ్‌లైన్" అంటే ఒకళ్లకి స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత) చివర, ఇంకొకళ్లకి రిలీజ్ తేదీ. అది బయటపడడమే లాభం.

ఏడు కాగితాలూ కలిపేటప్పుడు మామూలు సగటు తియ్యకు. ఒకరు 9 అన్నారు, ఇంకొకరు సరిగ్గా తిప్పి తొమ్మిదో వంతు అన్నారు అనుకో. ఇద్దరి బలం సమానం, కాబట్టి ఫలితం 1 రావాలి. మామూలు సగటు తీస్తే నాలుగున్నర పైన వచ్చి, మొదటివాడే గెలిచినట్టవుతుంది. గుణమధ్యమం, అంటే అంకెలన్నీ గుణించి, ఎన్ని అంకెలుంటే అన్నో మూలం తీస్తే 1 వస్తుంది. ఎక్సెల్‌లో జియోమీన్ అన్న ఫార్ములా అందుకే వాడతారు.

కలపడానికి ముందు మాత్రం ఒక పూట ఆగు. నాకన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఏ జత దగ్గర ఏడుగురూ ఒకలాగే చెప్పారో దాన్ని వదిలెయ్. ఏ జత దగ్గర ఆరుగురు 5 అని, ఒకళ్లు ఐదో వంతు అని రాశారో అక్కడ వేలు పెట్టు. ఆ ఒక్కళ్ల దగ్గరికి వెళ్లి, ఎందుకో చెప్పమని అడిగి, మధ్యలో అడ్డం రాకుండా విను. గుణమధ్యమం తీసేశావంటే ఆ ఒక్క గొంతు అంకెల్లో కరిగిపోతుంది. మా టెస్టింగ్ అమ్మాయి నోట్‌బుక్‌కి కూడా సగటు తీస్తే మిగిలేది ఏమీ లేదు.

ఇంకో చిక్కుంది. ఏహెచ్‌పీలో ప్రతి సమస్యా దేనికది విడిగా నిలబడుతుందని అనుకుంటాం. నిజానికి ఒకటి ఇంకోదాన్ని ఈడ్చుకొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో మీ అత్తయ్య పుట్టింటివాళ్ల ఊళ్లో ఉన్నాను. కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ నేలమట్టమయ్యాయి. ఊరంతా అడిగేది మంచినీళ్లే. ట్యాంకు బాగానే ఉంది, బోరులో నీళ్లూ ఉన్నాయి. కరెంటు లేక మోటారు ఆడట్లేదు. సెల్‌ఫోన్లు చచ్చిపోయిందీ అందుకే. దేనికి ఎక్కువ బాధపడుతున్నారని అడిగితే నీళ్లే మొదట వస్తాయి, దేనివల్ల అని అడిగితే పడిపోయిన కరెంటు స్తంభాలు వస్తాయి. నీ షీటులో మనుషులు మానేయడం ఉంది, రాత్రి రిలీజులు ఉన్నాయి. రెండోదే మొదటిదాన్ని తెస్తోందేమో చూశావా? దీనికి డిమాటెల్ అని వేరే పద్ధతుంది, 1970ల్లో జెనీవాలో బటెల్ అనే పరిశోధన సంస్థవాళ్లు చేసింది. ఏది దేనిమీద ఎంత పనిచేస్తోందో 0 నుంచి 4 దాకా అంకెలు వేస్తే, కారణాలు ఒకవైపు, ఫలితాలు ఒకవైపు విడిపోతాయి. నీ తూకాల్లో పైకి వచ్చిన ఆరేడింటికి చేస్తే చాలు.

నెట్‌లో వెతికితే ఫజీ ఏహెచ్‌పీ అని కూడా కనబడుతుంది, భయపడకు. మనం "రెండు మూడు రోజుల్లో వస్తా" అంటాం కదా, ఆ తడబాటుని లెక్కలోకి తెచ్చే పని అది. 3 అన్నదాన్ని ఒక్క అంకెగా కాక 2, 3, 4 అన్న పరిధిగా తీసుకుంటారు. లోట్ఫీ జాదే అనే శాస్త్రవేత్త 1965లో ఫజీ సమితుల (హద్దులు కచ్చితంగా లేని గుంపుల) గురించి రాసినదే దానికి మూలం. ఎన్నో కంపెనీల నిపుణుల్ని అడిగి పరిశోధన చేసేవాళ్లకి పనికొస్తుంది. ఏడుగురున్న టీముకి అక్కర్లేదు, మనిషిని పిలిచి అడిగితే తేలిపోయేదానికి అంత లెక్క ఎందుకు? టాప్సిస్ అనే ఇంకో పద్ధతి మాత్రం తర్వాత కావాలి. సమస్య తేలాక పరిష్కారాలు నాలుగైదు ముందుకొస్తాయి. అన్నివిధాలా మంచిదానికి ఏది దగ్గర, అన్నివిధాలా చెడ్డదానికి ఏది దూరం అని కొలిచి ఎంచుతారు. దాని సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ఒకసారి తూకాలు కట్టాక మధ్యలో కొత్త సమస్య ఇరికించకు. కొత్తది చేరితే పాతవాటి వరస కూడా తారుమారు కావచ్చు. మరీ అవసరమైతే ఆ గుంపు మొత్తం మళ్లీ పోల్పించు. అలాగే రిలీజు రిలీజుకీ కాగితాలు కొత్తవి పంచు, పోయిన రిలీజు తూకాలు ఈ రిలీజుకి చెల్లవు.

నువ్వు చెప్పావు చూడు, మీ టీములో కొత్తగా చేరిన కుర్రాడు కాల్స్‌లో ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉంటాడని. కాగితం ముందు అతనికే ఇవ్వు. నింపడానికి ఒక రాత్రి టైమివ్వు.

వచ్చే ఆదివారం వద్దు, అరసవల్లిలో జనం తోసుకుంటారు, మీ అత్తయ్య గుడికెళ్దామంటోంది. శనివారం వచ్చేయ్. ఏడు కాగితాలూ తీసుకురా, లాప్‌టాప్ తర్వాత తెరుద్దాం. ముందు అరుగు మీద పరుచుకుని, తేడా వచ్చిన జతలకి పెన్సిల్‌తో సున్నాలు చుడదాం.

మావయ్య