సీ కోడ్‌లో దాచుకున్న పైథాన్ ఫంక్షన్ ఎందుకు మాయమవుతుంది?

మీ పర్లాకిమిడి కొట్టులో కాటా చదివే సీ మాడ్యూల్‌కి, బిల్లును తెలుగులోనో ఒడియాలోనో రాసే ల్యాంబ్డా (పేరు పెట్టని చిన్న పైథాన్ ఫంక్షన్) ఇస్తే, బరువు పెట్టగానే ప్రోగ్రామ్ కూలిపోతోందన్నారు. పైథాన్‌లో ఫంక్షన్ కూడా ఒక ఆబ్జెక్టే. సీ వైపు చేతికొచ్చేది దాని చిరునామా మాత్రమే. పైథాన్ పంపినవాటిని సీకి విప్పి ఇచ్చే పైఆర్గ్_పార్స్‌టపుల్, 'ఓ' (ఆబ్జెక్ట్) గుర్తుతో ఇచ్చేది అరువు రిఫరెన్స్, అంటే ఆబ్జెక్టును పట్టుకున్నవాళ్ల లెక్కలో చేరని చిరునామా. ల్యాంబ్డాని ఇంకెవరూ పట్టుకుని లేకపోతే, ఆ కాల్ ముగియగానే ఆ రిఫరెన్సుల లెక్క సున్నా అయి, పైథాన్ దాన్ని మెమరీలోంచి తీసేస్తుంది. మీ దగ్గర మిగిలేది కూలగొట్టిన ఇంటి చిరునామా! దాచుకునే ముందు పై_ఇన్‌క్రెఫ్ (లెక్కను ఒకటి పెంచేది) చెయ్యండి, వదిలేటప్పుడు పై_డెక్‌రెఫ్ (ఒకటి తగ్గించేది). అదే ఫంక్షన్‌ని డెఫ్‌తో, పేరు పెట్టి రాసినప్పుడు బాగానే నడిచిందంటారా? దాన్ని ఆ పేరుతో మీ పైథాన్ మాడ్యూల్ పట్టుకుని ఉంది, అంతే. వచ్చింది ఫంక్షన్‌లా పిలవదగినదేనా అని చూసే పైకాలబుల్_చెక్ కూడా పెట్టండి. లేదంటే ఎవరో ఒకరు ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు తగిలించి, ఫంక్షన్‌కి బదులు దాని ఫలితాన్ని పంపిస్తారు. (నేనూ పంపాను.)