ప గుణింతంలో ఆకాశం

పాఠకుల ప్రశ్నలకు పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా పాప ఆరో తరగతి, ఒడియా మీడియం. ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ళు పిల్లలకి పోటీలు పెట్టారు. పాప చీటీ తీస్తే 'ప' వచ్చింది. ఆ అక్షరంతో మొదలయ్యే ఖగోళ పదాలు ఒక్క నిమిషంలో చెప్పాలి. టెన్షన్‌లో 'ప్లూటో' అని ఆగిపోయింది. అది గ్రహమే కాదు, చెల్లదని జడ్జిగారు కొట్టేశారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. చెల్లుతుందా, చెల్లదా? వచ్చే ఏడాదికి ఇంకొన్ని పదాలు చెప్పండి. (ఒక తల్లి, గుణుపురం)

జవాబు: చెల్లుతుందమ్మా. అడిగింది ఖగోళ పదం, గ్రహం పేరు కాదు కదా. ప్లూటోని గ్రహాల పంక్తిలోంచి లేపేశారు గానీ ఆకాశంలోంచి లేపెయ్యలేదు. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓటు వేసి, దాన్ని మరుగుజ్జు గ్రహం అంది. మర్నాడు నేను క్లాసుకి వెళ్ళేసరికి బోర్డు మీద ముందురోజు నేను రాసిన తొమ్మిది పేర్లూ అలాగే ఉన్నాయి. ముందు బెంచీ కుర్రాడు ఏమీ మాట్లాడకుండా లేచొచ్చి డస్టర్ నా చేతికిచ్చాడు. అన్నేళ్ళ సర్వీసులో అంత మర్యాదగా నా తప్పు దిద్దినవాడు మరొకడు లేడు.

మీ పాపకి ఒక సంగతి చెప్పండి. 1930లో క్లైడ్ టాంబా అనే కుర్రాడు అమెరికాలో దాన్ని కనిపెట్టాక, దానికి ప్లూటో అన్న పేరు సూచించింది ఇంగ్లండులోని ఒక పదకొండేళ్ళ పిల్ల, వెనీషియా బర్నీ. ఆరో తరగతంటే మీ పాపదీ ఇంచుమించు ఆ వయసే. ప్లూటో సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టడానికి మన లెక్కలో 248 ఏళ్ళు పడుతుంది. కనిపెట్టినప్పటి నుంచి ఇప్పటికి సగం చుట్టు కూడా పూర్తి కాలేదు.

ఇక పదాలు. జాబితా రాసిచ్చి బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. మేడ ఎక్కి చూడగలిగినవి ముందు చెబుతాను.

పాలపుంత. గోదావరి జిల్లాల్లో పుంత అంటే చేలకి పోయే బాట. మన వైపు దాన్ని గోర్జి అంటాం. అంటే పాలు ఒలికిన గోర్జి అన్నమాట. స్కూల్లో మీ పాప దీన్నే ఒడియాలో ఛాయాపథ అని చదువుతుంది. ఆ చివర నుంచి ఈ చివరకి కాంతి పోవడానికి లక్ష ఏళ్ళు పడుతుంది. పర్లాకిమిడిలో ఇప్పుడు వీధి దీపాల వల్ల కనబడదు. మహేంద్రగిరి వైపు వెళ్ళినప్పుడు చూడండి.

పిల్లలకోడి. పంచాంగంలో కృత్తికలు, ఇంగ్లీషులో ప్లయడీస్. కృత్తికకి 'ప' కుదరదు, మిగతా రెంటికీ కుదురుతుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని పిల్లలకోడిని వదిలేసి ప్లయడీస్ అంటే ఆయన ఊరుకోరు. కార్తీకంలో మా నాయనమ్మకి గడియారం అదే. 'పిల్లలకోడి పడమటికి వాలిపోయింది, లేవండర్రా' అని చలిలో లేపి మహేంద్రతనయలో ముంచేది. మామూలు కళ్ళకి ఆరో ఏడో చుక్కలు. దుర్భిణిలో వందలు. మనకి దాదాపు 440 కాంతి సంవత్సరాల దూరం (కాంతి ఏడాదిలో పోయేంత దూరం ఒక కాంతి సంవత్సరం).

పోలారిస్. మన ధ్రువనక్షత్రమే. ఇక్కడొక చిన్న పని చెయ్యండి. కొండ అడ్డం రాని చోట ఉత్తరానికి తిరిగి, చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించండి. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేలా నింగీ కలిసే చోటు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పొండి. రెండు పిడికిళ్ళకి కాస్త తక్కువలో ఆ చుక్క దొరుకుతుంది. గుణుపురం అక్షాంశం 19 డిగ్రీలు, ధ్రువనక్షత్రం ఎత్తూ అంతే. భూమధ్యరేఖకి ఉత్తరాన ఏ ఊళ్ళో అయినా ఆ ఊరి అక్షాంశం ఎంతో దాని ఎత్తూ అంతే.

పిడికిలి చాలదనుకున్న మనిషి ఒకడున్నాడు. ఆయన పేరూ 'ప'తోనే, పఠాణి సామంత. జడ్జిగారు మనిషి పేరు ఒప్పుకుంటారో లేదో నాకనవసరం. మీ పాప స్కూలు పుస్తకంలో ఉండే ఉంటాడు, మన తెలుగు పిల్లలకే తెలీదు. అసలు పేరు చంద్రశేఖర సింహ సామంత, 1835లో ఒడిశాలోని ఖండపడా సంస్థానంలో పుట్టారు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈయన్ని ఒక ముస్లిం ఫకీరుకి అమ్మినట్టు చేసి తిరిగి తెచ్చుకున్నారట. అందుకని పఠాణి. మన ఇళ్ళలో పెంటయ్య అని పెట్టడం లేదూ, అలాంటిదే. తాటాకు గ్రంథాలు చదువుకుంటూ, అందులో చెప్పిన చోట గ్రహం కనబడటం లేదని గమనించారు. తప్పు ఆకాశానిదా, పంచాంగానిదా తేల్చుకోవాలని వెదురూ కర్రా చెక్కి పరికరాలు చేసుకున్నారు. వాటిలో ఒకటి మానయంత్రం, ఇంగ్లీషు టీ అక్షరంలా రెండు కర్రలు. ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని, అడ్డకర్ర గాట్ల మీదుగా చుక్కలు చూసి కోణం తీసేవారు. దుర్భిణి లేకుండానే రాసిన ఆయన 'సిద్ధాంత దర్పణం' 1899లో కలకత్తాలో అచ్చయింది. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు వాటన్నిటినీ వెంటేసుకుని భూమి చుట్టూ తిరుగుతాడన్నారు. అది తప్పే. కానీ కొలతలు తప్పలేదు. పూరీ జగన్నాథుడి సేవల లెక్కలకి ఆయన పాంజి వాడతారు. ఒడియా వాళ్ళు పంచాంగాన్ని పాంజి అంటారు. అదీ 'ప'యే, రాసుకోండి.

మిగతావి గబగబా. పరిహేళి (భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యే చోటు), పార్సెక్ (దూరం కొలత, 3.26 కాంతి సంవత్సరాలు), ప్రాక్సిమా సెంటారై (సూర్యుడి తర్వాత మనకి దగ్గర చుక్క, 4.24 కాంతి సంవత్సరాలు), ప్రచ్ఛాయ (గ్రహణంలో నీడ పూర్తిగా కమ్మిన భాగం), పునర్వసు, పుష్యమి, పూర్వాభాద్ర, పౌర్ణమి, పాడ్యమి. ఫోబోస్ మాత్రం చెప్పొద్దు, అది 'ఫ'. ఈసారి జడ్జిగారి మాట నెగ్గుతుంది.

ప్రశ్న: పల్సర్ అంటే బండి కాదా సార్? (ఇంటర్ విద్యార్థి, రాయగడ)

జవాబు: బండికంటే ముందు చుక్క. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే ముద్ద, వెడల్పు ఓ 20 కిలోమీటర్లు, బరువు మాత్రం సూర్యుడికంటే ఎక్కువే. గిర్రున తిరుగుతూ లైట్‌హౌస్‌లా రేడియో తరంగాలు విసురుతుంది. నువ్వు గోపాలపురం సముద్రం ఒడ్డుకి వెళ్తే లైట్‌హౌస్ వెలుగు వచ్చిపోతుంటుంది చూడు, అలా. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని, కాగితం మీద పడిన గీతల్లో సుమారు 1.33 సెకన్లకి ఒకటి చొప్పున వస్తున్న చిన్న బొడిపెని పట్టుకుంది. వేరే లోకం వాళ్ళు పిలుస్తున్నారేమోనని కొన్నాళ్ళు సరదాగా అనుకున్నారు కూడా. 1974లో నోబెల్ ఆమె గైడుకి వచ్చింది, ఆమెకి రాలేదు. నాకిప్పటికీ మింగుడు పడదు. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్పై ఉన్నాయి, మనవాళ్ళు అక్కడ కూర్చుని పల్సర్లని వింటున్నారు. బండి నెమ్మదిగా నడుపు.

ప్రశ్న: పరిహేళి అంటే భూమి సూర్యుడికి దగ్గరగా రావడం అంటారు. అది జనవరిలోనట. మరి మాకు వణుకెందుకు? (రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, బరంపురం)

జవాబు: జనవరి మొదట్లో దూరం 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. తేడా చూడండి, వంద రూపాయల్లో మూడు రూపాయలంత. చలికి కారణం దూరం కాదు, భూమి 23.5 డిగ్రీలు పక్కకి ఒరిగి ఉండటం. జనవరిలో భూమిలో మనముండే ఉత్తర సగం సూర్యుడికి అవతలికి వాలి ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలు పొట్టిగా ఉంటుంది. అదే జనవరిలో ఆస్ట్రేలియా వాళ్ళకి ఎండాకాలం. మీరు స్వెట్టర్ వేసుకోండి.