న్యూరోసర్జరీకి అమెరికా మ్యాచ్: జీడితోట అమ్మాలా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని, ఇంకా మూడేళ్ల సర్వీసుంది. అమ్మాయి శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ ముగించి హౌస్ సర్జన్సీ చేస్తోంది. న్యూరోసర్జరీ తప్ప ఇంకోటి చదవనంటోంది. అమెరికా రెసిడెన్సీకి (అక్కడి పీజీ శిక్షణకు) ప్రయత్నిస్తానని, మూడేళ్లు పడుతుందని, యాభై లక్షలు కావాలని చెబుతోంది. మా దగ్గర తొమ్మిది లక్షల ఎఫ్‌డీ, జీపీఎఫ్‌లో పదహారు లక్షలు, తిత్లీ తుఫాను తర్వాత మళ్లీ వేసిన రెండెకరాల జీడితోట ఉన్నాయి. అబ్బాయి విజయనగరంలో బీటెక్ రెండో ఏడాది. తోట అమ్మాలా, అప్పు చేయాలా?

జవాబు: మాస్టారూ, తోట అమ్మకండి, యాభై లక్షల అప్పూ చేయకండి. అలాగని పాప ఆలోచనను కొట్టిపారేయాల్సిన పని కూడా లేదు. ఆ యాభై లక్షలూ ఒకేసారి పెట్టేవి కావు. అందులో మొదటి ఐదు లక్షలు ఖర్చయ్యేసరికే, మిగతావి పెట్టాలో వద్దో చాలావరకు తేలిపోతుంది. ఆ ఐదు లక్షల వరకు మీ ఎఫ్‌డీ సరిపోతుంది.

ముందు పోటీ ఎలాంటిదో చూడండి. దరఖాస్తు పెట్టిన డాక్టర్లకూ అక్కడి ఆసుపత్రులకూ ఏటా రెసిడెన్సీ సీట్లు కుదిర్చే పద్ధతినే ‘మ్యాచ్’ అంటారు. అమెరికా మొత్తం మీద న్యూరోసర్జరీ మొదటి ఏడాది సీట్లు సుమారు 240. అక్కడి మెడికల్ కాలేజీల పిల్లలతోనే అవి దాదాపు నిండిపోతాయి. బయటి దేశాల్లో చదివి, అమెరికా పౌరసత్వం లేనివారికి ఏటా పాతిక కూడా దక్కవు. అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి భాగమైన స్టెప్-1కు 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాసా ఫెయిలా అంతే. అందువల్ల పాపను అంకెల్లో చూపించేది రెండో భాగం, అంటే స్టెప్-2 సీకే (క్లినికల్ పరిజ్ఞానం) స్కోరొక్కటే. అది పాసవడానికి 218 చాలు. న్యూరోసర్జరీ తలుపు తట్టాలంటే మాత్రం 250 దాటాలి. ఒకసారి పాసైతే స్కోరు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. కాబట్టి తొందరపడి తేదీ తీసుకోవడమే ఇక్కడ ఖరీదైన పొరపాటు. ప్రాక్టీసు పరీక్షల్లో వరసగా 255 దాకా వచ్చాకే హైదరాబాద్ ప్రోమెట్రిక్ పరీక్షా కేంద్రంలో తేదీ బుక్ చేయించండి.

డాలరు 90 రూపాయల లెక్కన చూద్దాం. స్టెప్-1, స్టెప్-2 సీకే ఒక్కోదానికి మన దేశంలో రాసే అదనపు రుసుముతో కలిపి 1,200 డాలర్ల పైచిలుకు, అంటే రెండింటికీ సుమారు రెండు లక్షల ఇరవై వేలు. ఓఈటీ ఇంగ్లిష్ పరీక్షకు ముప్పై నలభై వేలు. విదేశీ పట్టాలను పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థకు దరఖాస్తు, పట్టా ధ్రువీకరణ, క్లినికల్ నైపుణ్యం నిరూపించుకునే ‘పాత్‌వేస్’ రుసుము కలిపి లక్షా పాతిక వేల దాకా అవుతాయి. ప్రశ్నల బ్యాంకుల చందాలకు ఇంకో ఎనభై వేలు. మొత్తం ఐదు లక్షల లోపే. మధ్యలో ఎవరైనా పాత ప్రశ్నల ‘రీకాల్స్’ అమ్ముతామని టెలిగ్రామ్‌లో వస్తే దూరం పెట్టమనండి. 2024 జనవరిలో నేపాల్‌తో ముడిపడిన వందలాది మంది స్కోర్లను యూఎస్‌ఎంఎల్‌ఈ రద్దు చేసింది ఇలాంటి అనుమానంతోనే.

అసలు డబ్బు మింగేది దీని తర్వాతి మెట్టు. న్యూరోసర్జరీలో అమెరికా న్యూరోసర్జన్ల సిఫారసు ఉత్తరాలు మూడు నాలుగు లేనిదే దరఖాస్తు తెరిచి కూడా చూడరు. అక్కడి విద్యార్థులు నాలుగో ఏడాదిలో సబ్-ఇంటర్న్‌షిప్‌లు (ఆసుపత్రి విభాగంలో రోగులను చూస్తూ పనిచేయడం) చేసి ఆ ఉత్తరాలు తెచ్చుకుంటారు. మన పిల్లలు చివరి ఏడాదిలో ఉండగానే, అక్కడి ఆసుపత్రిలో విద్యార్థిగా పనిచేసే ఎలెక్టివ్‌కు వెళ్లగలిగితే కొంత మేలు. మీ పాప హౌస్ సర్జన్సీకి వచ్చేసింది కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పట్టా వచ్చాక దొరికేది అబ్జర్వర్‌షిప్, అంటే రోగిని ముట్టుకోకుండా పక్కన నిలబడి చూడటం. దాన్ని నెలకు వేల డాలర్లకు అమ్మే ఏజెన్సీలున్నాయి. ఇంటర్నల్ మెడిసిన్ వాళ్లకు అది కాస్త పనికొస్తుందేమో గానీ, న్యూరోసర్జరీకి ఆ ఉత్తరం బరువు తూగదు.

అందుకే విదేశీ పట్టావాళ్లు ఏదైనా యూనివర్సిటీ న్యూరోసర్జరీ విభాగంలో రీసెర్చి ఫెలోగా చేరి, ఒకటి నుంచి మూడేళ్లు పేపర్లు రాస్తూ, విభాగాధిపతి కళ్లెదుట పనిచేసి ఉత్తరం సంపాదిస్తారు. ఈ ఉద్యోగాల్లో జీతమున్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. జీతం లేకపోతే, పరిశోధనకూ శిక్షణకూ వెళ్లేవాళ్లకిచ్చే జే-1 వీసా పత్రం ఇవ్వడానికే మీ ఖాతాలో ఖర్చులకు సరిపడా డబ్బు చూపించమంటారు. ఆరోగ్య బీమా తప్పనిసరి. నలుగురితో గది పంచుకున్నా నెలకు రెండు వేల డాలర్లకు తగ్గదు. రెండేళ్లకు టిక్కెట్లతో కలిపి నలభై ఐదు లక్షలు. మొదటి ఐదు లక్షలతో కలిపితే పాప చెప్పిన యాభై ఇదే, తప్పు చెప్పలేదు. కానీ ఈ మొత్తానికి విద్యారుణం రాదు. ఇది కోర్సు కాదు, అడ్మిషన్ లెటరు ఉండదు. విద్యారుణం కాకపోతే పాత పన్ను విధానంలో వడ్డీపై దొరికే మినహాయింపు కూడా లేదు. మిగిలేవి పర్సనల్ లోను, బంగారం, ఊళ్లో వడ్డీ. మూడేళ్లలో రిటైరయ్యే ఉద్యోగికి బ్యాంకు పర్సనల్ లోను ఇచ్చినా వాయిదాలన్నీ ఆ మూడేళ్లలోకే కుదిస్తుంది. తోట తనఖా పెడదామన్నా, బాకీ పడితే కోర్టుకెళ్లకుండానే ఆస్తి స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు కనుక చదువు ఖర్చుకు దాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇరవై లక్షలు తెస్తే నెలకు నలభై వేలు వడ్డీకే పోతాయి. అక్కడ పాపకు జీతం లేదు, ఇక్కడ మీకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది.

కాబట్టి నా మాట ఇది: జీతం లేని రీసెర్చి మీ ఇంటి లెక్కకు సరిపోదు. స్టెప్-2 సీకే 250 దాటి, ఖర్చులకు సరిపడా స్టైపెండ్ ఇచ్చే రీసెర్చి ఉద్యోగం రాతపూర్వకంగా చేతికొస్తేనే రెండో మెట్టు ఎక్కండి. ఏడాదిలోపు అలాంటిది దొరకకపోతే ఆపేయండి. అక్కడి విభాగాలకు ఈమెయిళ్లు పెట్టడానికి డబ్బు ఖర్చవదు, ఓపిక కావాలి. వందమందికి ఒకే మెయిలు పంపడం కన్నా, ఆ డాక్టరు ఈమధ్య రాసిన పేపరు చదివి, గణాంకాలు చేయడం వచ్చని చూపిస్తూ పదిహేను మందికి విడివిడిగా రాస్తే జవాబొచ్చే వీలు ఎక్కువ. ‘ఆర్’ లాంటి గణాంక సాఫ్ట్‌వేరు ఇప్పుడే నేర్చుకోమనండి, అది ఉచితం. పేపర్లో పేరు వేయించి డబ్బు తీసుకునేవాళ్ల జోలికి మాత్రం పోకూడదు. దరఖాస్తులో అబద్ధం తేలితే మ్యాచ్ నుంచే వెలివేస్తారు.

అంతదాకా వెళ్తే దరఖాస్తు ఖర్చు తక్కువే, కానీ అక్కడ కూడా వృథా చేస్తుంటారు. ఆన్‌లైన్ దరఖాస్తు వేదిక ఎరాస్‌లో మొదటి 30 ప్రోగ్రాములకు ఒక్కోదానికి 11 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 30. వంద ప్రోగ్రాములకు పంపితే 2,430 డాలర్లు. అయితే న్యూరోసర్జరీలో ‘మీరే మాకు ముఖ్యం’ అని చెప్పే సిగ్నల్స్ ఇటీవలి సీజన్లలో 25 ఇస్తున్నారు. సిగ్నల్ పంపని చోట నుంచి ఇంటర్వ్యూ రావడం అరుదు. ఆ 25 సిగ్నళ్లూ విదేశీ పట్టావాళ్లను ఇదివరకు తీసుకున్నవీ, వీసా ఇచ్చేవీ చూసి వాడాలి. రీసెర్చి చేసిన విభాగం ఎలాగూ అందులో ఉండాలి. వాటికి తోడు ఇంకో ఇరవైకి పంపితే మొత్తం 780 డాలర్లే. సెప్టెంబరు ఆఖర్లో దరఖాస్తు, మార్చి మూడో శుక్రవారం ఫలితం. మ్యాచ్ కాకపోతే తర్వాత మిగిలిన సీట్లలో న్యూరోసర్జరీ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. అందుకని అదే ఏడాది న్యూరాలజీకో, ఒక ఏడాది ప్రిలిమినరీ సర్జరీకో కూడా దరఖాస్తు పెట్టాలా అన్నది పాప ముందే తేల్చుకోవాలి.

వీసా సంగతి కూడా డబ్బు సంగతే. రెసిడెన్సీ ఏడేళ్లు. జే-1 మీద శిక్షణకు గరిష్ఠ గడువూ ఏడేళ్లే. హెచ్-1బీ గడువు ఆరేళ్లు, పైగా దానికి యూఎస్‌ఎంఎల్‌ఈ చివరి భాగం స్టెప్-3 ముందే పాసవ్వాలి. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆసుపత్రులు ఆ వైపు చూడటానికే జంకుతున్నాయి. జే-1 అయితే శిక్షణ ముగిశాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి, లేదా వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. రెసిడెంటు జీతం ఏడాదికి అరవై నుంచి డెబ్బై ఐదు వేల డాలర్లు. అక్కడ బతకడానికి చాలు, మీ అప్పులు తీర్చేంత మిగలదు. ‘మ్యాచైతే మొదటి ఏడాదే తీర్చేస్తుంది’ అన్న లెక్క మీద ఎవరి దగ్గరా చేబదులు తీసుకోకండి.

మన దేశంలోని దారి మొదటి రోజు నుంచీ చేతికి డబ్బిచ్చేది. జాతీయ వైద్య సంస్థల ప్రవేశపరీక్ష ఐఎన్ఐ-సెట్ ద్వారా ఢిల్లీ ఎయిమ్స్‌లో, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఎంబీబీఎస్ తర్వాత నేరుగా ఆరేళ్ల ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ పట్టా) న్యూరోసర్జరీ ఉంది. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఎయిమ్స్‌లో జూనియర్ రెసిడెంటు మూలవేతనం నెలకు 56,100, సీనియర్ రెసిడెంటుకు 67,700, భత్యాలు అదనం. నీట్ పీజీ ర్యాంకుతో చేరే ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే సూపర్ స్పెషాలిటీ పట్టా) సీట్లు కూడా ఉన్నాయి, వీటి గురించి చాలామందికి తెలియదు. మామూలు దారి ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు, తర్వాత సూపర్ స్పెషాలిటీ ప్రవేశపరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి ఎంసీహెచ్ మూడేళ్లు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలోనే, కేజీహెచ్ లో పనిచేస్తూ, ఎంసీహెచ్ చదవొచ్చు. ఇక్కడ గట్టి గేటు నీట్ పీజీలో సర్జరీ సీటు. అది దాటితే తర్వాతిది అంత బిగువు కాదు, సర్జరీ సూపర్ స్పెషాలిటీల్లో ఏటా కొన్ని సీట్లు మిగిలిపోతూనే ఉంటాయి. నీట్ పీజీ ఫీజు 3,500 రూపాయలు. సీటు పట్టుకున్నాక వదిలేస్తే పడే జరిమానా, సర్వీసు బాండు ఎంతో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చదివాకే ఆప్షన్లు పెట్టించండి. డీమ్డ్ యూనివర్సిటీల ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, ఆ ఆప్షన్ పెట్టొద్దు.

రెండు దారులూ కొంతకాలం కలిసే నడుస్తాయి. హౌస్ సర్జన్సీ అవగానే ఐఎన్ఐ-సెట్, నీట్ పీజీ ఒకసారి గట్టిగా రాయనివ్వండి. ఆ చదువులో క్లినికల్ భాగం స్టెప్-2కూ అక్కరకొస్తుంది. ఎంఎస్ సర్జరీ సీటొస్తే చేరమనండి. ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి: ఎంఎస్ చేరితే అమెరికా రెసిడెన్సీ దారి చాలావరకు సన్నబడుతుంది, ఎంబీబీఎస్ పట్టా పుచ్చుకుని ఐదేళ్లు దాటినవాళ్లను చాలా ప్రోగ్రాములు పక్కన పెడతాయి. కానీ ఎంసీహెచ్ తర్వాత కెనడా, బ్రిటన్‌లలో జీతంతో చేసే ఫెలోషిప్‌లున్నాయి.

ఇక మీ డబ్బు. ఎఫ్‌డీలో ఐదు లక్షలు పాప పరీక్షలకు, నాలుగు లక్షలు ఇంటికి, కదపొద్దు. జీపీఎఫ్ ముట్టుకోకండి. 2004 సెప్టెంబరుకు ముందు చేరినవారైతే పెన్షన్ ఉంటుంది సరే, కానీ అబ్బాయి చదువు, పాప పెళ్లి ఆ జీపీఎఫ్ మీదే ఉన్నాయి. అబ్బాయికి మిగిలిన రెండేళ్ల ఫీజుకు విద్యారుణం పెట్టండి, కోర్సు ఉంది కనుక అతనికి వస్తుంది. స్టైపెండ్ ఉన్న రీసెర్చికి పాప వెళ్తే, గది అడ్వాన్సుకూ మొదటి నెలలకూ ఐదారు లక్షలు కావాల్సి రావచ్చు. బంగారం మీద తక్కువ వడ్డీకి అంతవరకే తీసుకోండి. విదేశాలకు పంపే సొమ్ముకు ఆర్థిక సంవత్సరానికి ఒక్కో పాన్‌కు పది లక్షల వరకు టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు కాబట్టి, ఆ మొత్తానికి పన్ను కోత ఉండదు.

రేపెప్పుడైనా తోట అమ్మాల్సొచ్చినా, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం మునిసిపాలిటీల హద్దు నుంచి రెండు కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమికి మూలధన లాభాల పన్ను పడదు. జీడిపిక్కల ఆదాయం మీద కూడా పన్ను లేదు. పాస్‌బుక్, అడంగల్‌లో జీడితోటగానే నమోదై ఉందో లేదో ఈ నెలలోనే తహసీల్దారు ఆఫీసులో చూసుకోండి.